నిలవ ఉండే తిండి – పెరిగే ఒళ్లు
(రేడియో ప్రసంగం)



పోయిన కార్తీకంలో మేమంతా అరకు వెళ్లి వచ్చాం. పొద్దున్నే విశాఖపట్నంలో కిరండూల్ రైలెక్కాం. దారిలో పిల్లలకు ఆకలేస్తుందని సంచీలో ఓ బ్రెడ్డు పొట్లం పెట్టుకున్నాను. తీరా రైల్లో జామకాయలు, దిగాక వేడి వేడి బజ్జీలు దొరికాయి. ఇంక బ్రెడ్డెవరిక్కావాలి? ఇంటికొచ్చి సంచీ దులిపేసరికి ఎనిమిదో రోజు. ఆ బ్రెడ్డు మీద చుక్కంత బూజు లేదు! సంతోషించాలో, భయపడాలో తెలియలేదు. పొట్లం తిప్పి చూస్తే సన్నటి అక్షరాల్లో 282 అన్న అంకె కనిపించింది.

ఆ అంకె గల పదార్థం పేరు కాల్షియం ప్రొపియొనేట్. బూజు పట్టకుండా వేస్తారు. కూల్‌డ్రింకుల్లో, టమాటా సాసుల్లో వేసే సోడియం బెంజోయేట్ అంకె 211. మనం ఇంట్లో స్క్వాష్ చేసుకునేటప్పుడు చిటికెడు కలిపే కె.ఎం.ఎస్. 224. వీటినే ప్రిజర్వేటివ్‌లంటారు, మన భాషలో నిలవ మందులనుకుందాం. మన దేశపు పాత ఆహార నియమాలు వీటన్నిటినీ రెండో తరగతిలో పెట్టాయి. మరి మొదటి తరగతిలో ఏముండేవంటారా? ఉప్పు, పంచదార, నూనె, వెనిగర్, తేనె, మసాలా దినుసులు, ఆఖరికి కట్టెల పొగ! ఆ లెక్కన మన ఆవకాయ జాడీ కూడా నిలవ మందుల పుట్టే.

కట్టెల పొగ సంగతి నేను అరకు దగ్గరి ఊళ్లో కళ్లారా చూశాను. మా వారి స్నేహితులొకరు అక్కడ మేష్టారు. ఆయన వెంట ఓ ఇంటికి వెళ్లాం. పొయ్యి పైన విత్తనానికి ఉంచిన మొక్కజొన్న కంకులు వేలాడుతున్నాయి, పొగకు నల్లబడి. ఆ ఇంటి పెద్దావిడ మాకు చోడి అంబలి ఇచ్చింది. మనం రాగులంటాం, ఆ ప్రాంతంలో చోళ్లంటారు. ఒడియా మాట్లాడే ఇళ్లలో ఆ జావనే మండియా పేజ్ అంటారట. కాస్త పుల్లగా, చల్లగా ఉంది. "ఇది ఎన్నాళ్లు నిలవుంటుంది పెద్దమ్మా?" అని అడిగాను. "ఉండడమెందుకమ్మా? రేపు మళ్లీ కాస్తాను" అంది. నా ప్రశ్న నాకే సిగ్గనిపించింది.

ఇక అసలు విషయం. నిలవ మందులు ఒళ్లు పెంచుతాయా? బెంజోయేట్‌ను మన కాలేయం గ్లైసిన్ అనే పదార్థంతో జతచేసి మూత్రంలో పంపించేస్తుంది. ఒంట్లో పేరుకోదు. ప్రొపియొనేట్ మాత్రం శాస్త్రజ్ఞుల్ని ఆలోచనలో పడేసింది. 2019లో హార్వర్డ్‌కు చెందిన పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న 14 మందికి ఒక పూట భోజనంలో ఒక గ్రాము ప్రొపియొనేట్ కలిపి పెట్టారు. మరో పూట ఏమీ కలపకుండా పెట్టారు. ఏది ఎప్పుడో తినేవారికి తెలియదు. మందు కలిపిన పూట రక్తంలో గ్లూకగాన్ వంటి హార్మోన్లు పెరిగాయి. కాలేయం మన ఇంటి కొట్టుగది లాంటిది, చక్కెర దాచుకుంటుంది. ఆ గది తాళం తీసేది గ్లూకగాన్. అన్నం తిన్నప్పుడు బయటి చక్కెర ఎలాగూ వస్తోంది. ఆ వేళప్పుడే కొట్టు తాళమూ తీస్తే ఎలా ఉంటుంది? దాన్ని సర్దడానికి ఇన్సులిన్ మరింత శ్రమపడాలి. ఎలుకలకు కొద్ది మోతాదులో వారాల తరబడి ఇస్తే క్రమంగా బరువు పెరిగాయి. మనుషుల్ని అన్నాళ్లు చూడలేదు సుమా! అందుచేత బ్రెడ్డు తింటే లావెక్కుతారని తీర్పు చెప్పేయడానికి వీల్లేదు.

ఇందులో ఓ చిత్రముంది. ప్రొపియొనేట్ మన పేగుల్లోనే తయారవుతుంది! చోళ్లు, సామలు, కూరగాయల్లోని పీచు పెద్దపేగు దాకా వెళితే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి ప్రొపియొనేట్ చేస్తాయి. 2015లో లండన్ పరిశోధకులు, స్థూలకాయం వైపు మొగ్గిన 60 మందిని తీసుకుని, కొందరికి ప్రొపియొనేట్‌ను పీచుకు అతికించి, పెద్దపేగులోనే విడుదలయ్యేలా 24 వారాలు ఇచ్చారు. వారిలో బరువు పెరగడం తగ్గింది. పదార్థం ఒకటే. మెల్లగా పెరటి గుమ్మంలోంచి వస్తే ఒక తీరు, భోజనంతోపాటు ఒక్కసారిగా వీధి గుమ్మంలోంచి వస్తే ఇంకో తీరు.

నన్నడిగితే, 282 కన్నా దాని పక్కనున్న మైదా, పంచదారలే పెద్ద దోషులు. జాములో సగానికి పైగా పంచదారే. అదీ నిలవ కోసమే, మొదటి తరగతి మందే! 2019లోనే అమెరికాలో 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు ఇంటి తరహా తిండి, కడుపు నిండా తినమని పెట్టారు. ఫ్యాక్టరీ తిండి రోజుల్లో రోజుకు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. సుమారు కిలో బరువు పెరిగారు.

కొండల మీద అంతా బాగుందని చెప్పడం లేదు. అక్కడివాళ్లు సన్నగా ఉండడం కొంత కష్టం వల్ల, కొంత లేమి వల్ల. ఆ ఊరి కొట్లోనూ చిప్సు పొట్లాలు తోరణాల్లా వేలాడుతున్నాయి. మనవరాలికి జ్వరమని పెద్దావిడ తెప్పించింది కూడా బ్రెడ్డే. మనమూ అంతేగా, జ్వరమొస్తే బ్రెడ్డూ పాలూ!

బూజు పట్టిన రొట్టెకన్నా మందు వేసిన రొట్టె నయమే, బూజులో విషాలుండవచ్చు. మందు లేని బ్రెడ్డు దొరికితే రెండు మూడు రోజుల్లో ముగించండి, లేదా ఫ్రిజ్‌లో పెట్టండి. అంబలికైతే రాత్రి గుప్పెడు చోడిపిండి గ్లాసుడు నీళ్లలో కలిపి మూతపెట్టండి. పొద్దున్న నాలుగు గ్లాసుల నీళ్లు మరిగించి, అందులో పోస్తూ ఉండకట్టకుండా కలియబెట్టి, పచ్చివాసన పోయేదాకా ఉడకనివ్వండి. చల్లారాక ఉప్పు, మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు. మా అబ్బాయి మొదట ముఖం చిట్లించాడు. ఇప్పుడు ఆవకాయ ముక్క నంజుకుని తాగుతున్నాడు. ఆదివారం మాత్రం బ్రెడ్డే కావాలంటాడు, ఇస్తున్నాను.