దేవిడీని అమ్మేముందు...

హైదరాబాదు పాతబస్తీలో దివాన్‌దేవిడి అంటే నేడు బట్టల దుకాణాలే గుర్తుకొస్తాయి. ఒకప్పుడది సాలార్‌జంగుల నివాసం. 1951లో మ్యూజియం మొదలైందీ ఆ ఇంట్లోనే. 1968లో మ్యూజియం కొత్త భవనానికి తరలింది. తరువాత దేవిడీ పోయింది, పేరు మిగిలింది.

అమ్మకానికి వచ్చిన ప్రతి పాత ఇంటికీ ఇదే గతా? కానక్కరలేదు. ఫలక్‌నుమాను కట్టించినవారు పైగా అమీరు వికారుల్ ఉమ్రా. 1884లో పునాది పడింది. ఆ ఖర్చు ఆయనను అప్పుల్లో ముంచింది. చివరికి మహలు ఆరో నిజాం వశమైంది. తరువాత ఏళ్ల తరబడి మూతపడి ఉండింది. సుదీర్ఘ మరమ్మతుల తరువాత 2010లో హోటలుగా తెరుచుకుంది. చేతులు మారినా ఇల్లు నిలిచింది.

వారసులు పెరిగేకొద్దీ వాటాలు చిన్నవవుతాయి. దివాన్‌ఖానా ఒకరికి, జనానా మరొకరికి వస్తుంది. కప్పు బాగుచేయించే బాధ్యత మాత్రం ఎవరికీ రాదు. అమ్మక తప్పని కుటుంబాలను మేము తప్పుపట్టము. అయితే కొనేవారిని ఒక్క మాట అడగమంటున్నాము: మీకు కావలసింది ఇల్లా, స్థలమా?

ఇల్లే కావాలనేవారికీ ఒక మాట. సున్నపు గోడకు సిమెంటు పూయించకండి. సున్నం తేమను బయటికి వదులుతుంది. సిమెంటు దాన్ని లోపలే బంధించి గోడను గుల్ల చేస్తుంది. సున్నపు పని తెలిసిన మేస్త్రీని ముందు వెతకండి, రంగుల సంగతి తరువాత.

ఎర్రమంజిల్‌ను కూల్చాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టివేసింది. కాని ప్రతి దేవిడీ కోర్టు దాకా వెళ్లదు. దాని భవిష్యత్తు చాలాసార్లు ఇంటి చావడిలోనే, సంతకాలకు ముందే తేలిపోతుంది.