టార్చి ఫోను ఎవరిని చూసి చేశారు?

నోకియా 1100 ఫోను గుర్తుందా? 2005, 2006 ప్రాంతంలో గల్ఫ్‌కు వచ్చిన మనవాళ్లలో చాలామంది జేబులో అదే ఉండేది. పైన చిన్న టార్చి లైటు, దుమ్ము లోపలికి పోకుండా కీప్యాడ్ మీద పొర, చెమట చేతిలో జారకుండా పక్కల గరుకు. కెమెరా లేదు, కలర్ స్క్రీనూ లేదు. అయినా 2003లో వచ్చిన ఆ ఫోను 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. 2005లో నోకియా అమ్మకాలు నూరు కోట్లకు చేరినప్పుడు, ఆ నూరు కోట్లవ ఫోను నైజీరియాలో అమ్ముడైంది. అది కూడా 1100యే.

ఫిన్లండ్‌లో ఆఫీసు కుర్చీలో కూర్చుంటే టార్చి సంగతి తట్టదు. కరెంటు పోయిన ఇంట్లో, దుమ్ము లేచే రోడ్డు మీద మనిషి ఫోను ఎట్లా వాడతాడో చూస్తేనే తడుతుంది. ఇట్లా వాడేవాళ్ల దగ్గరికి పోయి, చూసి, అడిగి, ఆ తర్వాతే వస్తువు తయారు చేయడాన్ని కంపెనీల భాషలో యూజర్ రీసెర్చ్ అంటారు. పేరు పెద్దదే గానీ పని మన ఊరి దర్జీ చేసేదే. ముందు కొలత, తర్వాత కత్తెర.

నోకియా పరిశోధకులకు ఉగాండాలో ఒక ముచ్చట కనబడింది. పట్నంలో పనిచేసేవాడు రీఛార్జి కార్డు కొని, దాని నంబరు ఊళ్లో ఫోను నడిపే మనిషికి చదివి వినిపిస్తాడు. ఆ మనిషి బ్యాలెన్సు తన ఫోనులో వేసుకొని, కమీషన్ పట్టుకొని, మిగతా పైకం ఇంటివాళ్లకు ఇస్తాడు. ఏ బ్యాంకూ నేర్పిన విద్య కాదిది. హుండీ సంగతి తెలిసిన మనకు వింతేం కాదు. ఒకే ఫోనును నలుగురు పంచుకుంటారని కూడా వాళ్లు గమనించారు. అందుకే 2007లో వచ్చిన నోకియా 1200లో ఐదుగురికి ఐదు వేర్వేరు ఫోన్‌బుక్కులు, మాట్లాడే టైముకు లెక్క పెట్టారు. రూము మొత్తానికి ఒకే ఫోను ఉన్న రోజులు చూసినవాళ్లకు దాని విలువ చెప్పనక్కర్లేదు.

ఇంకా పెద్ద ఉదాహరణ కెన్యాలోని ఎం-పెసా. పెసా అంటే అక్కడి స్వాహిలి భాషలో డబ్బు, మన పైసాకు దగ్గరి మాట. 2005లో వొడాఫోన్, సఫారికామ్ కంపెనీలు దీన్ని మొదట పరీక్షించింది చిన్న అప్పులు తీసుకున్నవాళ్లు ఫోను మీద కిస్తీలు కట్టడానికి. కొద్దిమందికి ఇచ్చి చూస్తే, జనం దాన్ని కిస్తీలకు మించి వాడుకున్నారు. ఒకరికొకరు డబ్బు పంపుకున్నారు. వేరేవాళ్ల బదులు కట్టారు. కంపెనీ మొండికేయలేదు. కిస్తీల సంగతి పక్కనబెట్టి, 2007 మార్చిలో ‘ఇంటికి డబ్బు పంపండి’ అనే ఒక్క మాటతో సేవ మొదలుపెట్టింది. తర్వాత కెన్యాలో అది ఇంటింటి వస్తువైంది. ఇంటికి డబ్బు పంపడం ఎంత పెద్ద అవసరమో మనకంటే ఎవరికి తెలుసు?

ఇప్పుడు మన సైటు సంగతి. నేను పనిచేసిన ఒక కంపెనీలో వేలిముద్ర హాజరు మెషిన్లు తెచ్చారు. ఆఫీసులో టెస్టు చేస్తే బ్రహ్మాండంగా పనిచేసింది. సైటుకు వచ్చిన మొదటి వారంలోనే తాపీమేస్త్రీల వేళ్లను పట్టడం మానేసింది. సిమెంటులో క్షారం ఉంటుంది. రోజూ తడి సిమెంటు, ఇసుక ముట్టుకునే చేతికి వేలిగీతలు అరిగిపోతాయి. పరీక్ష చేసినవాళ్లు ఒక్క మేస్త్రీ చేయి పట్టి చూసినా అర్థమయ్యేది. వాళ్లు చూసింది కీబోర్డు కొట్టే వేళ్లను.

నెలాఖరుకు జగిత్యాల నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు నాలుగు రోజుల జీతం కోత పడింది. పనిచేసినట్టు నా డైరీలో ఉంది, మెషిన్లో లేదు. ‘సారూ, గీ ఏలు నాది గాదంటదా మిషిను?’ అని అడిగాడు. ఆ నాలుగు రోజుల పైసలు తిరిగి రావడానికి రెండు నెలలు పట్టింది. మన దగ్గర రేషన్ షాపుల్లో వేలిముద్ర పడక ఉత్త చేతులతో తిరిగిపోయే కూలీల బాధా ఇదే.

దీనికి లక్షలేం ఖర్చు కాదు. వాడకం పరీక్షల్లో పేరున్న యాకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు, ఐదుగురితో వాడించి చూస్తే చాలా లోపాలు బయటపడతాయని. కాకపోతే ఆ ఐదుగురు ఎవరన్నదే అసలు లెక్క. ఒక మేస్త్రీ, ఒక స్టీల్ ఫిక్సర్, ఒక హెల్పర్, ఒక చదువురానివాడు, యాభై దాటిన ఒకరు ఉండాలి. ఆఫీసు బాయ్‌ని పిలిచి ‘కార్మికుల అభిప్రాయం’ అని రాసుకుంటే అది కొలత కాదు, ఫొటో దిగడం.

ఇంకొకటి, ఉత్తగా అడిగితే నిజం రాదు. కొత్త గ్లౌజులు ఎట్లున్నాయంటే అందరూ ‘సూపర్ సార్’ అంటారు. గంట తర్వాత చూస్తే సలాక కట్టేవాళ్ల గ్లౌజులు జేబులో ఉంటాయి. వైరు పట్టు దొరకదు మరి! నోటి మాట కంటే ఆ జేబే ఎక్కువ చెబుతుంది.

ఇప్పుడు లీవు దరఖాస్తు, జీతం స్లిప్పు, కంప్లైంటు అన్నీ ఫోనులోకి వచ్చేస్తున్నాయి. ఎవరైనా ట్యాబ్ పట్టుకొని క్యాంపుకొచ్చి ‘ఇది వాడి చూడండి’ అంటే, డ్యూటీ అలసట ఉన్నా పది నిమిషాలు కూర్చోండి. మొహమాటానికి బాగుందనకండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడే వేలు పెట్టి చూపించండి. తెలుగు లేదా, అక్షరం ఆనడం లేదా, పాస్‌వర్డ్ మరిచిపోతే దారి దొరకడం లేదా, అన్నీ చెప్పండి. ఫోర్‌మన్ పక్కనే నిలబడితే కాసేపు అవతలికి పొమ్మనండి. నేనున్నా అంతే.