విశాఖ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరం?

కొడుకో కూతురో కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్న కుటుంబాలు విశాఖపట్నంలో చాలానే ఉన్నాయి. పిల్లల్ని చూడ్డానికి మొదటిసారి బయల్దేరే పెద్దవాళ్లు, అక్కడికి ఎంత దూరమని తప్పక అడుగుతారు. ఈ ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు సరిపోదు. దారిని బట్టి, గాలిని బట్టి ఆ జవాబు మారుతుంది.

ముందు సూటి దారి సంగతి. పసిఫిక్ మధ్యలో ఉండేలా వేసిన ప్రపంచ పటం మీద స్కేలు పెట్టి గీస్తే, గీత తూర్పుగా పసిఫిక్ మీదుగా పోతుంది. ఆ గీత వెంటే ఎగిరితే 15,200 కిలోమీటర్లు దాటుతుంది. ఇప్పుడు పిల్లల గ్లోబు తీసుకోండి. దారం ఒక కొసను విశాఖ మీద, రెండో కొసను శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించండి. దారం ఒడిశా, హిమాలయాలు, చైనా మీదుగా ఉత్తరానికి ఎక్కి, సైబీరియా ఈశాన్య కొసన ఆర్కిటిక్ వలయాన్ని దాటి, అలాస్కా మీదుగా కిందికి దిగుతుంది. ఈ దారి సుమారు 13,300 కిలోమీటర్లే. భూమి గుండ్రంగా ఉండి, ధ్రువం వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయి కాబట్టే ఇంత కలిసొస్తుంది.

అయితే విశాఖ నుంచి అక్కడికి నేరుగా విమానం లేదు. కాబట్టి ఎక్కడ విమానం మారతామన్నది ముఖ్యం. సూటి దూరాల లెక్కన ఢిల్లీ మీదుగా పోతే 1,360, ఆపైన 12,380 కలిపి 13,740 కిలోమీటర్లు. అదే సింగపూర్ మీదుగా అయితే 2,900, ఆపైన 13,600 కలిపి 16,500. ఢిల్లీ ఉత్తరాన, మన దారికి దగ్గరగా ఉంది. సింగపూర్ భూమధ్యరేఖ పక్కన ఉండటంతో చుట్టు తిరుగుడు ఎక్కువ.

ఇక గాలి సంగతి. 2015లో ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు అట్లాంటిక్ మీదుగా విమానం మొదలుపెట్టింది. ఆ దారి 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో పసిఫిక్ దారికి మారింది. దూరం 15,300కు పెరిగినా ప్రయాణం దాదాపు రెండు గంటలు తగ్గింది. విమానాలు ఎగిరే ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. తూర్పుకు పోయే విమానాన్ని అవి వెనక నుంచి తోస్తాయి, పడమటికి పోయేదానికి ఎదురొస్తాయి.

దేశాల మధ్య తగాదాలూ దూరం పెంచుతాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేయడంతో ఢిల్లీ నుంచి పశ్చిమానికి పోయేవి చుట్టు తిరగాల్సి వచ్చింది.

అందుకే టికెట్ కొనేటప్పుడు కిలోమీటర్లు లెక్కపెట్టకండి. ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచి పిల్లల ఇల్లు చేరేదాకా ఎన్ని గంటలో చూడండి. పెద్దవాళ్ల ప్రయాణమైతే, వంద డాలర్లు ఎక్కువైనా ఒక్కసారే విమానం మారేది, ఆ మారేచోట పరుగులు పెట్టకుండా తగిన వ్యవధి ఉండేది ఎంచుకోండి. వాళ్లకు దూరం తగ్గించడమంటే అదే.