కొలిమి చెప్పని లెక్క

1990 జూన్‌లో లండన్‌లోని బ్రాడ్‌గేట్ ప్రాంతంలో కడుతున్న 14 అంతస్తుల భవనానికి నిప్పంటుకుంది. మంటలు నాలుగున్నర గంటలు ఆగలేదు. వేడి వెయ్యి డిగ్రీలకు చేరిందని నిపుణులు అంచనా కట్టారు. చాలా ఉక్కు దూలాలకు అగ్నిరక్షణ పూత ఇంకా వేయనేలేదు. పాత లెక్కల ప్రకారమైతే అవి నిలవకూడదు. దూలాలు వంగాయి, కొన్ని స్తంభాలు నలిగి పొట్టివయ్యాయి. భవనం మాత్రం కూలలేదు.

ఎందుకు కూలలేదు? జవాబు ఉక్కు, కాంక్రీటు కలిసి పనిచేసే తీరులో ఉంది.

కాంక్రీటు నొక్కుడును ఓర్చుకుంటుంది, లాగితే పగులుతుంది. ఉక్కు లాగుడుకు దిట్ట. అందుకే కాంపోజిట్ దూలంలో కింద ఐ ఆకారపు ఉక్కు, పైన కాంక్రీటు స్లాబు ఉంటాయి. ఉక్కు మీద వరసగా వెల్డింగ్ చేసిన స్టడ్లు అనే పొట్టి ఉక్కు మేకులు స్లాబులోకి దిగి రెంటినీ జారకుండా పట్టి ఉంచుతాయి. ఈ పట్టు విలువ చిన్నదేం కాదు. ఒకే మందమున్న రెండు చెక్కలను ఒకదానిమీద ఒకటి ఊరికే పేర్చి బరువు పెడితే ఎంత వంగుతాయో, జారకుండా అతికించి పెడితే అందులో నాలుగో వంతే వంగుతాయి.

నిజమైన దూలాల్లో ఆ అతుకు అంత బిగువుగా ఉండదు. స్టడ్డు కొంచెం వంగుతుంది, స్లాబు కాస్త జరుగుతుంది. ఈ జారుడును లెక్కలోకి తెచ్చే సిద్ధాంతాన్ని 1951లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు న్యూమార్క్, సీస్, వీస్ట్ అందించారు. ఇప్పటి కంప్యూటర్ నమూనాలు దూలాన్ని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి, స్టడ్లను స్ప్రింగులుగా తీసుకుని, ఏ బరువుకు ఎంత వంగుతుందో, ఎక్కడ పగులుతుందో చెబుతాయి.

నిప్పు వస్తే లెక్క మారుతుంది. 600 డిగ్రీల దగ్గర ఉక్కు బలం సగానికి పడిపోతుంది. 1000 డిగ్రీల దగ్గర నూటికి నాలుగు వంతులే మిగులుతుంది. కొలిమిలో ఒక్క దూలాన్నే పెట్టి కాల్చే పరీక్షలో అది త్వరగానే చేతులెత్తేస్తుంది. భవనంలో దూలం ఒంటరిగా ఉండదు కదా!

ఆ తేడాను తేల్చడానికి బ్రిటన్‌లోని కార్డింగ్టన్‌లో, ఒకప్పుడు ఎయిర్‌షిప్పులను ఉంచిన భారీ షెడ్డులో 8 అంతస్తుల భవనాన్నే కట్టి, 1995-96లో అందులో మంటలు పెట్టారు. మొదటి పరీక్షలో 9 మీటర్ల దూలాన్ని గ్యాసు మంటతో దాదాపు 875 డిగ్రీలకు వేడి చేశారు. అది 232 మిల్లీమీటర్లు వంగి ఆగింది. చల్లారాక ఆ వంపులో సుమారు సగం తగ్గింది కూడా. ఆఫీసు సామాను నింపి కాల్చినప్పుడు ఉక్కు వేడి 1100 డిగ్రీలు దాటింది. అంతస్తు అర మీటరుకు పైగా కుంగినా నిలబడింది.

షెఫీల్డ్, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఈ కొలతలతో తమ నమూనాలను సరిచూసుకున్నారు. వేడెక్కిన దూలం సాగబోతే చుట్టూ చల్లగా ఉన్న భాగాలు సాగనివ్వవు. మొదట్లో కనిపించే వంపుకు ఉక్కు బలహీనపడటం కన్నా ఈ పెనుగులాటే పెద్ద కారణమని తేలింది. దూలం బలం పోయాక స్లాబు నడుమ కుంగుతుంది. దానిలోని సన్నటి ఊచల జాలీ బరువును లాగిపట్టి అంచులకు చేరవేస్తుంది. దూలాన్ని విడిగా చూసే లెక్కకు ఇవేవీ అందవు.

ఈ అవగాహనతో ఇంజనీరు కోలిన్ బెయిలీ 2000 ప్రాంతంలో ఒక డిజైను పద్ధతి రూపొందించారు. దాని వల్ల లోపలి చిన్న దూలాలకు పూత మానేసే వీలు కలిగింది.

అయితే ఇది గుడ్డిగా నమ్మాల్సిన వరం కాదు. కార్డింగ్టన్‌లోనే చల్లారేటప్పుడు దూలం కుంచించుకుపోయి అతుకు పలకలు చిరిగాయి. 2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్‌లో కూలిన 47 అంతస్తుల వరల్డ్ ట్రేడ్ సెంటర్-7 భవనంలో, వేడికి సాగిన దూలాలు ఒక ప్రధాన దూలాన్ని దాని ఆనుడు మీది నుంచి నెట్టేశాయని అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ 2008లో నివేదించింది. బెయిలీ పద్ధతిలో కూడా స్తంభాలకు, వాటిని కలిపే అంచు దూలాలకు పూత తప్పనిసరి.