కోతబల్ల భాగముల పరీక్ష

గత విద్యాసంవత్సరమున గణపవరమందలి మన పాఠశాల చేతిపనుల శాలకు నొక క్రొత్త యంత్రము వచ్చెను. యంత్రమనుటకంటె యంత్రభాగములనుట న్యాయము. ఏలయన నవి తాడేపల్లిగూడెమునుండి లారీమీద తొమ్మిది పెట్టెలుగా దిగినవి. వానిని కూర్చి సి.ఎన్.సి. కోతబల్లగా జేయు భారము మాపై బడెను. తొమ్మిదవ తరగతి విద్యార్థులు కొందరు మాకు తోడైరి. పెట్టెలు విప్పినది మొదలు మొదటి బోల్టు బిగించువరకు మాకు నెలదినములకు పైగా పట్టెను. “ఇన్ని దినములు మీరేమి చేయుచుండిరి?” అని తలిదండ్రులు పలువు రడిగిరి. ఈ వ్యాసము వారికి మా ప్రత్యుత్తరము.

యంత్రమును గూర్చి రెండు మాటలు చెప్పి ముందునకు పోయెదము. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవుగల ప్లైవుడ్డు పలక పట్టునంత యినుప చట్ర మొకటి కలదు. దాని నిడుపుటంచులందు రెండు ఉక్కు పట్టాలుండును. వానిపై నొక అడ్డదూలము వంతెనవలె ముందువెనుకలకు నడచును. ఆ దూలముమీద కోతమర ప్రక్కలకును, మీదికిని, క్రిందికిని కదలును. ఈ కదలికల నన్నిటిని కంప్యూటరు అంకెలచే శాసించును. ఇట్లు అంకెలచే పనిముట్టును నడపు తలంపు అమెరికాలో హెలికాప్టరు రెక్కల పనిచేయుచున్న జాన్ పార్సన్సునకు గలిగెను. మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమువారు 1952లో అట్టి యంత్రమును నడిపి చూపిరి. నేడు మన పట్టణములలో తలుపులపై లతలు చెక్కు యంత్రములును ఆ వంశమునకు జెందినవే.

మా మోటారులు చుట్టునకు 200 అడుగులు వేయును. చుట్టునకు 5 మిల్లీమీటర్లు జరుపు స్క్రూకడ్డీని తగిలించినచో నొక్కొక్క యడుగునకు కదలిక 0.025 మిల్లీమీటరు. కాని కంప్యూటరు అడుగులను లెక్కించునేగాని పట్టా వంకరగా నున్నదో, దూలము మెలిపడినదో యెరుగదు. ఆ సంగతి మనుష్యుడే ముందుగా చూడవలయును.

కూర్చిన పిమ్మట తప్పు కనబడిన దిద్దుకొనరాదా యని కొంద రనిరి. కూర్చిన యంత్రమందు తప్పులు విడివిడిగా నుండవు. కోసిన చతురస్రము వాలినదనుకొందము. పట్టా వంకరయా, దూలము మెలియా, చట్రము మూల తప్పినదా, మోటారు అడుగు తప్పినదా? వీనిలో నేదైనను కారణము కావచ్చును. ఒక్కొక్కప్పుడు ఒక తప్పు మరియొక తప్పును కప్పివేయును. అంతకంటె హానికరమైన దింకొకటి కలదు. వంకరపట్టాను బోల్టులతో బిగించిన నది తిన్ననైనట్లే కనబడును. కాని యా బిగువు లోపల నిలిచియుండి, దానిపై నడచు బేరింగులను దినదినము అరుగదీయును.

మొదటి రెండు దినములు భాగములను పట్టికతో సరిచూచి చీటీలు కట్టుటకే చాలెను. పట్టాల నూనెను తుడిచిచూచి మరల పూసితిమి. కొల్లేటివైపునుండి వీచు తడిగాలికి చెమటచేతి ముద్ర త్వరలోనే త్రుప్పుముద్ర యగును. తెగిన యంచులందు మిగిలిన ముండ్లవంటి యినుపతునకలను ఆకురాయితో తీసితిమి. స్క్రూకడ్డీకున్న నట్టును కడ్డీనుండి పూర్తిగా తీయరాదనియు, తీసిన లోపలి సన్నని గుండ్లు రాలిపోవుననియు విద్యార్థులకు ముందే చెప్పితిమి. చెప్పిన పిమ్మట మాలో నొకరే తీసి చూచిరి. ఆ మధ్యాహ్నమంతయు నేలపై గుండ్లను వెదకుటతో గడచెను.

పట్టాలు తిన్నగా నున్నవో లేవో చూచుటకు ఖరీదైన సాధన మక్కరలేదు. వలలకు వాడు సన్నని నైలాను దారమును పట్టా రెండు కొనలయందు సమమైన బిళ్లలపై బిగించి కట్టి, నడుమనున్న యెడమును కొలిచితిమి. దారము తన బరువుచే క్రిందికి కొంచెము వ్రేలును గాని ప్రక్కకు వంగదు. కావున ప్రక్కవంకరనే దీనిచే చూడవలెను. ఎత్తుపల్లములకు తాపీపనివారు వాడు నీటిగొట్టమే చాలును. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో ముగిసిననాటినుండి కాలువనీటిచే బ్రతుకుచున్న మన ప్రాంతమున నీటిమట్టమెంత సత్యమో యొకరు చెప్పనక్కరలేదు.

కొలత లన్నియు తెల్లవారుజామున, నీడపట్టున తీసితిమి. ఉక్కు ప్రతి డిగ్రీ వేడికిని తన పొడవులో పదిలక్షలకు 12 వంతులును, అల్యూమినియము సుమారు 23 వంతులును పెరుగును. 2400 మిల్లీమీటర్ల ఉక్కుపట్టా పది డిగ్రీలు వేడెక్కిన 0.29 మిల్లీమీటరు సాగును. అంతే పొడవుగల అల్యూమినియము 0.55 సాగును. ఒకదానిని ఉదయమున, మరియొకదానిని మిట్టమధ్యాహ్నమున కొలిచి పోల్చుట తగదు.

విద్యుద్భాగముల పరీక్ష విద్యార్థులకు వేడుకయైనది. దేనికిని తగిలింపని మోటారు ఇరుసును వ్రేళ్లతో త్రిప్పిన తేలికగా తిరుగును. ఒకే తీగచుట్టకు జెందిన రెండు తీగల కొనలను కలిపి పట్టుకొని త్రిప్పిన గట్టిగా నెదిరించును. ఎదిరింపనిచో లోపల తీగ తెగియుండవచ్చును. విద్యుత్తునిచ్చు పెట్టె ప్రక్కనున్న చిన్నమీట 230 వోల్టులవైపున నున్నదో లేదో చూడక మీట నొక్కరాదు.

ఇక మాకు సిగ్గు గలిగించిన సంగతి. అతికివచ్చిన చట్రపు మూలలలో మా పాత మూలమట్టము నుంచి చూడగా బద్ద కొనవద్ద నొక మిల్లీమీటరు సందు కనబడెను. రెండవ మూలయు నంతే. మూడవది, నాలుగవది నంతే. చట్రము పనికిరాదని నాడే విక్రేతకు కొంచెము కఠినముగానే ఉత్తరము వ్రాసితిమి. మరునా డొక విద్యార్థిని పట్టికను చూచి, “అయ్యా, నాలుగు మూలలును లంబకోణముకంటె పెద్దవైన మొత్తము 360 డిగ్రీలు దాటదా?” అని యడిగెను. మేము మారు పలుకలేకపోతిమి. చతుర్భుజమున నొక మూల విప్పారిన మరియొకటి ముడుచుకొని తీరవలెను గదా! పలకమీద మూలమట్టము నుంచి గీత గీసి, దానినే త్రిప్పివేసి అదే బిందువునుండి మరల గీసితిమి. రెండు గీతలును కలియవలసినది పోయి కొనవద్ద రెండు మిల్లీమీటర్లు విడిపోయెను. అందులో సగము మూలమట్టపు తప్పు. అది యెన్నడో క్రిందపడి వంగినది. పిమ్మట చట్రపు రెండు కర్ణములను కొలువగా నొక మిల్లీమీటరులోపుగనే సమముగా నుండెను. 1200, 2400 మిల్లీమీటర్ల చట్రమున కర్ణములకు రెండు మిల్లీమీటర్ల భేదమున్న, ఒక ప్రక్క మరియొకదానికంటె ఒక మిల్లీమీటరునకు కొంచెము పైగా ముందునకు జరిగినదని గ్రహింపవచ్చును. క్షమాపణ కోరుచు రెండవ యుత్తరము వ్రాసితిమి.

పరికరమును పరికరముచేతనే పరీక్షించు నీ విద్య పాతదే. సమతలమైన యినుపపలకలను చేయు పద్ధతిని జోసెఫ్ విట్వర్తు 1840లో ఇంగ్లండు పండితసభయందు వివరించెను. రెండు పలకలను మాత్రము పోల్చిన, ఒకటి ఉబ్బి రెండవది గుంటపడి యుండియు చక్కగా నతుకుకొనవచ్చును. మూడు పలకలు ప్రతిదానితోను ప్రతిదియు నతికిన నట్టి మోసమునకు తావులేదు.

ఈ యనుభవముచే జాగరూకులమై అడ్డదూలమును చూచితిమి. దూలపు రెండు కొనలపై 600 మిల్లీమీటర్ల బద్ద లడ్డముగా నుంచి, ఒక కొననుండి వంగి చూడగా దూరపుబద్ద యొకవైపు 3 మిల్లీమీటర్లు లేచి కనబడెను. బద్దలను తారుమారు చేసి చూచితిమి, లేచుట మారలేదు. ఇది బద్దల దోషము గాదు, దూలపు మెలియే. కోతమొన దూలమునకు 150 మిల్లీమీటర్లు క్రిందుగా నుండును. కావున ఒక కొననుండి మరియొక కొనకు పోవుసరికి మొన 0.75 మిల్లీమీటరు త్రోవ తప్పును.

పాఠశాల వార్షికోత్సవమునకు పదిదినములే యుండెను. ఆనాడు యంత్రమును నడిపి చూపుదుమని మేము ముందే చాటియుంటిమి. “బోల్టులు బిగించిన మెలి తీరును, చూచువారి కేమి తెలియును?” అని హితవు చెప్పినవారు లేకపోలేదు. మేమును ఒక రాత్రి ఆ మాటను తలపోసితిమి. తుదకు దూలమును త్రిప్పిపంపితిమి. మొదటి యుత్తరమునందు మేము పొరబడియుండుటచే నీమారు కొలతలను, బద్దల ఛాయాచిత్రములను జతపరచితిమి. వార్షికోత్సవమునాడు చీటీలు కట్టిన భాగములు బల్లలపై వరుసగా నుండెను. విద్యార్థులు నైలానుదారమును బద్దలను చూపి తలిదండ్రులకు వివరించిరి. ఆశాభంగము నొందినవారు కొందరు గలరు.

క్రొత్త దూలము మూడు వారములకు వచ్చినది. పెట్టె విప్పగానే పిల్లలు బద్దలు తెచ్చిరి. వంగిన మూలమట్టము “300 మిల్లీమీటర్లకు 1 తక్కువ” అను చీటితో శాలగోడకు వ్రేలాడుచున్నది.