ఫోన్‌ను నిద్ర లేపేదెవరు?

తెలంగాణలో 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది. అంతకుముందు మనూర్ వంటి మంజీరా తీరపు మండలాల్లోనూ కరెంటు విడతలుగానే, ఒక్కోసారి అర్ధరాత్రి వచ్చేది. ఆటో స్టార్టర్ ఉంటే, చీకట్లో బోరు దాకా పోయే బాధ లేకుండా కరెంటు రాగానే మోటారు దానంతటదే నడిచేది. అయితే కరెంటు వచ్చిందన్న సంగతి తప్ప ఆటో స్టార్టర్‌కు మరేమీ పట్టదు. బోరులో నీళ్లున్నాయా అని చూడదు.

రైతు జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్ తీరు వేరు. దాన్ని లోపలి నుంచి నడిపే మూల ప్రోగ్రామ్ లినక్స్ కెర్నల్. ఫోన్‌తో పనేమీ లేనప్పుడు అది యాప్‌లను ఉన్నచోటే ఆపి, పరికరాలను ఒక్కొక్కటిగా నిద్రపుచ్చి, చివరికి ప్రాసెసర్‌నూ ఆపుతుంది. మెమరీలో ఉన్నది చెరిగిపోకుండా కాస్త కరెంటు అందుతుంటుంది. టవర్‌ను కనిపెట్టుకుని ఉండే మోడెమ్, పవర్ బటన్, సెకనుకు 32,768 సార్లు కంపించే స్ఫటికంతో నడిచే గడియారం మాత్రం మెలకువగా ఉంటాయి. ప్రాసెసర్‌ను లేపడానికి ఇవి పంపే సంకేతమే ఇంటరప్ట్.

మామూలు వేళల్లో ఇంటరప్ట్ రాగానే ఆ పరికరాన్ని నడిపే డ్రైవర్ కోడ్ పని మొదలుపెడుతుంది. నిద్రవేళ అలా నడిస్తే ప్రమాదం. ఆ కోడ్ పలకరించబోయే చిప్‌కు అప్పటికి కరెంటే ఉండకపోవచ్చు, దాంతో ఫోన్ మొత్తం బిగుసుకుపోవచ్చు. అందుకే కెర్నల్ ఆటో స్టార్టర్‌లా తొందరపడదు. నిద్రకు ముందే మామూలు ఇంటరప్ట్‌లను ఆపేసి, లేపే హక్కున్నవాటినే ఉంచుతుంది. వాటిలో ఒకటి వస్తే డ్రైవర్‌ను పిలవదు. ఆ లైను మూసి, ‘పని బాకీ ఉంది’ అని గుర్తు పెట్టుకుని, ముందు పరికరాలను లేపే తొలి దశ పూర్తి చేస్తుంది. ఆ తర్వాతే బాకీ తీరుస్తుంది. పోలండ్ ఇంజినీరు రఫాయెల్ విసోత్స్కీ తదితరులు 2014లో ఈ పద్ధతిని లినక్స్‌లో కుదురుగా అమర్చారు.

నా మటుకు అసలు చిక్కు కునుకు పట్టే క్షణంలోనే ఉంది. పడుకుందామని నిర్ణయించుకున్నాక, ఇంకా పూర్తిగా పడుకోకముందే కాల్ వస్తే? దీనికి 2010లో, లినక్స్ 2.6.36 వెర్షన్‌లో ఒక లెక్కింపు పద్ధతి పెట్టారు. లేపే సంకేతాలు వచ్చినకొద్దీ ఒక సంఖ్య పెరుగుతుంది. ఫోన్‌ను నిద్రపుచ్చదలచిన ప్రోగ్రామ్ ముందుగా ఆ సంఖ్యను చదివి, పడుకోబోతూ కెర్నల్‌కు అప్పజెప్పాలి. ఈలోగా అది మారిందా, నిద్ర రద్దు. కోడ్ కొంచెమే, కానీ ఆ ఏడాది దాని వెనక జరిగిన వాదన మాత్రం చాలా పెద్దది. పని ముగిసేదాకా ఫోన్‌ను పడుకోనివ్వని ‘వేక్‌లాక్’ అనే సొంత పద్ధతిని ఆండ్రాయిడ్ అప్పటికే వాడుతుండేది, లినక్స్ పెద్దలకు అది నచ్చలేదు.

చివరిసారి ఏ ఇంటరప్ట్ లేపిందో దాని నంబరునూ కెర్నల్ ఇప్పుడు చెప్పగలదు. రాత్రంతా ఊరికే పడి ఉన్న ఫోన్‌లో తెల్లారేసరికి బ్యాటరీ ఎందుకు కరిగిందో వెతికే ఇంజినీర్లకు ఆ నంబరు పనికొస్తుంది.