ఏడో తీగ

సంపాదకులు గారు ఈ నెల నన్ను "గ్యాస్ ట్రబుల్" మీద వ్యాసం వ్రాయమన్నారు. ఉదర సంబంధమైన వైద్యం చేస్తున్నవాడిని గనుక వారు అడగడం న్యాయమే. కాని ఈ నెల రోజులూ నా మనసు కడుపు మీద లేదు. మా బేస్‌మెంటులోకి కొత్తగా వచ్చిన రెండు గిటార్ల మీద ఉంది. పాఠకులు ఈ ఒక్కసారికి మన్నించాలి.

కాకినాడలో ఎం.బి.బి.ఎస్. చదివే రోజుల్లో హాస్టల్లో ఒక సీనియర్ దగ్గర గిటారు నేర్చుకున్నాను. మామూలు ఆరు తీగల గిటారు. అమెరికా వచ్చాక రెసిడెన్సీ, ఫెలోషిప్పు, ఆపైన పిల్ల పెంపకం. గిటారు అటకెక్కింది. ఇప్పుడు ముప్ఫై ఎనిమిదో ఏట మళ్ళీ పురుగు తొలిచింది. ఈసారి కొన్నవి ఎలక్ట్రిక్ గిటార్లు, ఏడు తీగలది ఒకటి, ఎనిమిది తీగలది ఒకటి. రెండూ కలిపి 1,200 డాలర్ల పైచిలుకు. నచ్చనిది ముప్ఫై రోజుల్లో తిరిగి ఇచ్చేయవచ్చునని కొట్టువాడు చెప్పాడు. "ఆ డబ్బుతో మీరు వెళ్ళి మావయ్యగారిని చూసి రావచ్చు గదా!" అంది మా ఆవిడ. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

వీటిని ఎక్స్‌టెండెడ్ రేంజ్ గిటార్లంటారు. ఆరు తీగల కింద, ఇంకా లావైన తీగ ఒకటో రెండో చేర్చి మంద్రం వైపు స్వరాలు పెంచుతారన్నమాట. ఇది నిన్నమొన్నటి ఆలోచన కాదు. జాజ్ విద్వాంసుడు జార్జ్ వాన్ ఎప్స్ 1930లలోనే ఏడు తీగల గిటారు చేయించుకున్నాడు. 1990లో స్టీవ్ వాయ్ కోసం ఐబనెజ్ కంపెనీ "యూనివర్స్" అనే ఏడు తీగల ఎలక్ట్రిక్ గిటారు తెచ్చింది. 1994లో కార్న్ బృందం మొదటి రికార్డుతో కుర్రకారంతా దాని వెంటబడ్డారు. ఎనిమిది తీగలకు పేరు తెచ్చినవారు స్వీడన్‌కు చెందిన మెషుగ్గా బృందం.

అయినా మనకిందులో వింతేముంది? మన వీణకు ఉన్నవి ఏడు తీగలే గదా, వాయించేవి నాలుగు, తాళానికి మూడు. మెట్లు ఇరవైనాలుగు. నా కొత్త గిటారుకూ మెట్లు సరిగ్గా ఇరవైనాలుగే. ఇంకో సంగతి. మా భీమవరం పక్కనున్న పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ (1969–2014) ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు నాలుగు జంట తీగల బదులు ఐదు ఒంటి తీగలు కట్టించుకున్నారు. మన సంగీతానికి కింది స్వరాలు కావాలని ఆయనకు చిన్నతనంలోనే తెలిసింది.

నాకు తెలిసింది మాత్రం మా నాన్నగారి వల్ల. ఆయన రామాలయంలో భజనలు పాడేవారు. ఒకటి శ్రుతి. అంటే మధ్య షడ్జమం సెకనుకు 131 సైకిళ్ళు. ఆ శ్రుతికి ఆరు తీగల గిటారు పట్టుకుంటే, అట్టడుగు తీగ 82 సైకిళ్ళు, మంద్ర గాంధారం దగ్గరే ఆగిపోతుంది. రిషభం లేదు, షడ్జమం లేదు. మెట్లు దిగుతూ దిగుతూ కాలు గాలిలో పెట్టినట్టుంటుంది. ఏడో తీగ 62 సైకిళ్ళు. దాన్ని అరస్వరం పెంచి 65కు తెస్తే అదే మంద్ర షడ్జమం. మొదటి రోజు రాత్రి, పిల్ల నిద్రపోయాక, ఆ తీగ ఒక్కసారి మీటి ఊరుకున్నాను. ఇరవై ఏళ్ళుగా లేని నేల కాలికి తగిలింది.

ఇక లోపాలు. వచ్చిన రోజున ఏడో తీగ మెట్లకు తగిలి జరజరలాడింది. వంతెన కొంచెం పైకెత్తితే సర్దుకుంది. తీగ మందం మిల్లీమీటరున్నర, మొదటి తీగకు ఆరింతలు. పక్కకు లాగి గమకం పలికించబోతే వేలు నొచ్చిందే గాని స్వరం లేవలేదు. అక్కడ జారుతోనే సరిపెట్టుకోవాలి. మా ఆంప్లిఫయర్ కరెంటు హోరు 60 సైకిళ్ళు. శ్రుతి పెంచకముందు ఆ హోరూ ఏడో తీగా కలిసి ఉయ్యాల ఊగినట్టు ఊగేవి. పెంచాక ఆ బాధ తగ్గింది.

ఎనిమిది తీగలదాని సంగతి వేరు. మామూలు గిటారు మెడ తీగలు మొదలయ్యేచోట 43 మిల్లీమీటర్లుంటే, ఏడు తీగలది 48, ఎనిమిదిది 55. అడుగు తీగ అందుకోవాలంటే ఎడమ మణికట్టు బాగా వంచాలి. అరగంట వాయించేసరికి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కాయి. రోగి చెబితే వెంటనే "మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోంది, ఆపెయ్యండి" అనేవాణ్ణి. నాకు నేను చెప్పుకోవడానికి మాత్రం నాలుగు రోజులు పట్టింది. ఎండోస్కోపు పట్టేది ఎడమ చేత్తోనే. దాని చక్రాలు తిప్పేది ఆ బొటనవేలే. మా ఇంట్లో అన్నం ఉడికేది దాని మీద. పైగా ఆ ఎనిమిదో తీగ 46 సైకిళ్ళు. మా నాన్నగారి పాటకు అంత లోతుతో పనిలేదు. ఇరవయ్యో రోజున దాన్ని కొట్లో తిరిగి ఇచ్చేశాను.

ఒక శాస్త్ర విషయం చెప్పి ముగిస్తాను. 65 సైకిళ్ళ స్వరాన్ని చిన్న స్పీకరు సరిగ్గా పలకలేదు. దానిపై అనుస్వరాలే వినిపిస్తాయి. లేని మూలస్వరాన్ని మన మెదడు పూరించుకుంటుంది. పాత టెలిఫోను లైన్లు కూడా 300 సైకిళ్ళ కిందివి దాదాపు వదిలేసేవి. హాస్టల్ ఎదుట ఎస్.టి.డి. బూతులో నేను విన్న నాన్నగారి గొంతులో అడుగు స్వరం లేనేలేదన్నమాట. అయినా "ఏరా అబ్బాయ్" అనగానే ఆయనేనని తెలిసేది.

పోయిన ఆదివారం ఫోను పక్కన పెట్టుకుని షడ్జమం మీటాను. నాన్నగారికి డెబ్బై రెండు. పాట మానేసి రెండేళ్ళయింది. కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఒరే, కిందున్నది శ్రుతి తగ్గిందిరా, కాస్త బిగించు" అన్నారు. ట్యూనరు పెట్టి చూస్తే నిజమే, కొంచెం తగ్గింది. బిగించాను. ఆయన సన్నగా అందుకున్నారు.

తిరిగి వచ్చిన డాలర్లు టిక్కెట్టుకు సగమైనా రావు. మిగతా సగం మా ఆవిడ వేసింది. సంక్రాంతికి వెళ్తున్నాను. ఏడు తీగలది విమానంలో నాతోబాటే వస్తుంది.

గ్యాస్ ట్రబుల్ వచ్చే నెల తప్పకుండా వ్రాస్తాను.